బీసెంట్ రోడ్డు సందులో సీల్డ్ ఫోన్లు కొనే షాపు: మనిషి నిక్కచ్చి, డబ్బులే లేటు

క్రెడిట్ కార్డు పాయింట్ల కోసం ఆన్‌లైన్ సేల్‌లో ఫోన్ కొని సీల్ తియ్యకుండా అమ్మేసేవాళ్ళకి విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఓ చిన్న మొబైల్ షాపుంది, పేరు వద్దులెండి. ఓనర్ గారు బాక్సుని లైటు కింద తిప్పి తిప్పి చూసి, సీల్ అంచు గోటితో తడిమి, ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు) బిల్లుతో సరిచూసుకుంటే గానీ రేటు చెప్పరు. మంచిదే, దొంగ సరుకు గోల ఉండదు.

రేటు మాత్రం గీచి గీచి బేరమాడాలి. బిల్లు మన పేరు మీద ఉంటది కదా, అందులో 18 శాతం జీఎస్టీ ఆయనకి ఇన్‌పుట్ క్రెడిట్ కింద (అంటే ఆయన కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోడానికి) రాదు, అందుకే ఆ కోత. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుతో అమెజాన్‌లో కొంటే, ప్రైమ్ మెంబర్‌షిప్ ఉన్నోళ్ళకి 5 శాతం వెనక్కొస్తది, అంటే 40,000 ఫోన్‌కి 2,000 వస్తది, ఈయన 1,500 తగ్గించి ఇస్తే మిగిలేది 500, దానికోసం బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఎండకి మాడాలి. బ్యాంకు డిస్కౌంట్ కూడా తోడైతేనే గిట్టుబాటు.

నాకు నచ్చనిదల్లా పేమెంట్. సగం అక్కడే ఫోన్‌పే కొట్టి "మిగతాది సాయంత్రం వేస్తా తమ్ముడూ" అన్నారు, మర్నాడు మధ్యాహ్నానికి పడింది. కార్డు బిల్లు డేటు దగ్గర పడ్డాక మాత్రం ఇక్కడికి వెళ్ళకండి, వడ్డీ పడితే పాయింట్లన్నీ దానికే సరి. ఇంకోటి, ఒకే మోడల్ వరసపెట్టి కొంటే బ్యాంకోళ్ళు వ్యాపారం కింద లెక్కేసి పాయింట్లు ఆపేసే ఛాన్సుంది. 5కి 3 స్టార్లు.