నాలుగు నాబ్‌లూ చివరికంటా: బాస్ హెచ్‌ఎం-2డబ్ల్యూ పెడల్ రివ్యూ

స్టాక్‌హోమ్ డెత్ మెటల్ (గుర్రుమనే గొంతుతో, భారీ గిటార్లతో సాగే రాక్) గిటార్ గురించి ఎవరు మాట్లాడినా మొదట నోటికి వచ్చే మాట రంపం. సామిల్లులో పచ్చి దుంగ మీదికి బ్లేడు దిగేటప్పటి గరగర అది. ఆ మోతకు పుట్టిల్లు నారింజ రంగు అక్షరాలున్న ఓ నల్ల డబ్బా: 1983లో జపాన్ కంపెనీ బాస్ తెచ్చిన హెచ్‌ఎం-2 హెవీ మెటల్ పెడల్ (గిటార్ శబ్దాన్ని చీల్చి మొరటు చేసే, కాలితో నొక్కే డబ్బా). 1991లో దాని తయారీ ఆగిపోయింది. అప్పటికే స్వీడన్ కుర్రాళ్లు దాన్ని మరో దారి పట్టించేశారు. నైహిలిస్ట్ బ్యాండ్ గిటారిస్టు లీఫ్ కుజ్నర్ నాబ్‌లన్నీ కుడివైపు చివరికంటా తిప్పి, తీగల శ్రుతిని బాగా కిందికి దించి వాయించాడని చెబుతారు. ఆ బ్యాండే ఎంటూమ్డ్‌గా మారింది. సన్‌లైట్ స్టూడియోలో నిర్మాత తోమాస్ స్కోగ్స్‌బెర్గ్ చేతి మీదుగా 1990లో ఎంటూమ్డ్ ఆల్బమ్ ‘లెఫ్ట్ హ్యాండ్ పాత్’, మరుసటి ఏడాది డిస్మెంబర్ బ్యాండ్ మొదటి ఆల్బమ్ వచ్చాయి. రెండింట్లోనూ వినిపించేది ఈ డబ్బాయే.

2020లో బాస్ దీన్ని వాజా క్రాఫ్ట్ అనే ప్రత్యేక పెడళ్ల వరసలో హెచ్‌ఎం-2డబ్ల్యూ పేరుతో మళ్లీ తెచ్చింది. కొనదగిందేనా? ఆ మోతే కావాలనుకునేవాళ్లకు కచ్చితంగా కొనదగిందే. ఇంకేం కావాలన్నా వద్దు.

అర్థం చేసుకోవలసిన కీలకం ‘కలర్ మిక్స్’ అని రాసి ఉన్న రెండు నాబ్‌లలో ఉంది. ఎల్ అన్నది సుమారు 90 హెర్ట్జ్ దగ్గర, అంటే గుండెకు తగిలే చోట, బరువు పెంచుతుంది. హెచ్ అని ఉన్నది పేరుకే హై. అది ఎత్తేది 1000 హెర్ట్జ్, 1300 హెర్ట్జ్ చుట్టూ ఉన్న రెండు గుట్టల్ని. మనిషి గొంతు, చిన్నపిల్లల ఏడుపు చెవికి సూటిగా తగిలే మధ్యస్థాయి ఇదే. మామూలు మెటల్ పెడళ్లు మధ్యను తవ్వేసి కింద, పైన నింపుతాయి. ఒంటరిగా వాయిస్తే బాగుంటాయి, డ్రమ్స్ మొదలవగానే మాయమైపోతాయి. హెచ్‌ఎం-2 మధ్యను గుట్టగా పోసి ముందుకు తోస్తుంది. నాసిరకం క్యాసెట్ డెమోలో కూడా ఈ గిటార్ వినిపించేది అందుకే. పాత అండర్‌గ్రౌండ్ రికార్డుల పచ్చిదనం ఎక్కువ గెయిన్ (సిగ్నల్‌ను పెంచి శబ్దాన్ని చీల్చే మోతాదు) వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం ఈ మధ్యస్థాయి మొరటుదనం.

కొత్త పెడల్‌లో ఓ చిన్న స్విచ్ ఉంది. ‘ఎస్’ పాత శబ్దం. ‘సి’లో ఔట్‌పుట్ పెరుగుతుంది, కింది భాగం కాస్త బిగుస్తుంది. ఇద్దరు గిటారిస్టులున్న బ్యాండైతే ఒకరు ఎస్, ఒకరు సి పెట్టుకుంటే ఎవరేం వాయిస్తున్నారో విడిగా తెలుస్తుంది. ఒక్కరే అయితే ఎస్ చాలు. ఆ వదులుతనంలోనే అందం ఉంది.

సెట్టింగ్ విషయానికొస్తే, ఎల్, హెచ్, డిస్ట్ (డిస్టార్షన్, అంటే శబ్దం చీలే మోతాదు) మూడూ చివరికి. లెవెల్ మాత్రం గదిని బట్టి. ఆంప్ (గిటార్ యాంప్లిఫయర్) క్లీన్ ఛానల్లోనే, అంటే శబ్దం చీలని ఛానల్లోనే, ఉండాలి. ఆంప్ మీద గెయిన్ తక్కువ, బాస్ (కింది స్థాయి) 4, మిడ్ 6, ట్రెబుల్ 4 దగ్గర మొదలుపెట్టండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. అప్పటికే హైగెయిన్‌లో ఉన్న ఆంప్ ముందు ఈ పెడల్ పెడితే రెండు డిస్టార్షన్లు కలిసి రంపం కాస్తా తేనెటీగల తుట్టె అయిపోతుంది. ఇంట్లో వాడే 10 వాట్ల ఆంప్‌లోని చిన్న స్పీకర్ 90 హెర్ట్జ్ బరువు మోయలేక పటపటలాడుతుంది. అలాంటప్పుడు ఎల్‌ను సగానికి దించండి. 12 అంగుళాల స్పీకర్ ఉంటే ట్రాన్సిస్టర్ ఆంప్ అయినా సరిపోతుంది.

గిటార్‌కు బ్రిడ్జి దగ్గర హంబకర్ (కరెంటు గుయ్యిమనే హమ్‌ను అణచే, తీగల కింది రెండు కాయిళ్ల పికప్) ఉండి తీరాలి. సింగిల్ కాయిల్ అయితే డిస్ట్ చివరికి తిప్పగానే రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) కంటే హమ్ ముందు వస్తుంది. ట్యూనింగ్ బి స్టాండర్డ్‌కు (లావు తీగ మామూలు ఇ బదులు బి స్వరం పలికేలా) దించేటప్పుడు 9 లేదా 10 సెట్ తీగలు (సన్న తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) ఉంచితే అవి నూలుదారాల్లా వేలాడి, గట్టిగా కొట్టినప్పుడల్లా శ్రుతి తప్పుతాయి. లావు తీగ 56 నుంచి 62 మధ్య ఉండేలా చూసుకోండి. అంత లావు తీగ పాత నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడిలో పట్టదు. గాడి వెడల్పు చేయించి, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగా పలకడం) మళ్లీ సరిచేయించాలి. ఈ ఖర్చు పెడల్ ధరలో కలిపి లెక్క వేసుకోవడం మేలు.

నాయిస్ గేట్‌ను (వాయించనప్పుడు రొదను మూసేసే పరికరం) పెడల్ తర్వాత పెట్టండి. గేట్ మరీ బిగిస్తే రిఫ్‌కు ముందు ఆంప్ నుంచి సాగుతూ వచ్చే కీచు కూడా చచ్చిపోతుంది. ఈ సంగీతంలో ఆ కీచుకు చోటుంది, దాన్ని చంపకండి.

ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి (గిటార్‌ను కంప్యూటర్‌కు కలిపే డబ్బా) నేరుగా గుచ్చి విని, ‘ఇదేం చెత్త’ అని తిరిగి అమ్మేసేవాళ్లు ఉన్నారు. స్పీకర్ క్యాబినెట్ చేసే వడపోత లేకుండా ఈ శబ్దం వినలేం. క్యాబ్ ఐఆర్ (స్పీకర్ క్యాబినెట్ శబ్దాన్ని అనుకరించే ఫైల్) తప్పనిసరి. దాని తర్వాత 7000 హెర్ట్జ్ పైన, 90 హెర్ట్జ్ కింద కోసేయండి. ఒకే రిఫ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి ఎడమకు ఒకటి, కుడికి ఒకటి పెట్టండి. కాపీ చేసి అతికిస్తే వెడల్పు రాదు. రికార్డింగులో ఎల్‌ను సగానికి దించడమే నయం. ఆ చోటు బాస్ గిటార్‌ది, ఇద్దరూ అక్కడే కూర్చుంటే కిక్ డ్రమ్ మునిగిపోతుంది.

థ్రాష్ (వేగంగా, తెగ్గొట్టినట్టు సాగే మెటల్) వాయించేవాళ్లకు మాత్రం ఇది వద్దనే చెబుతాం. థ్రాష్ ప్రాణమంతా అరచేతి అంచుతో తీగల్ని నొక్కి టకటకా కొట్టే పామ్ మ్యూట్‌లో ఉంది. ఒక్కో దెబ్బా తెగిపడాలి. ఈ పెడల్ కింది బరువు ఆ దెబ్బల్ని ఒకదానితో ఒకటి అతికించేస్తుంది. పెడల్‌కు ముందు ట్యూబ్ స్క్రీమర్ (శబ్దాన్ని తేలిగ్గా చీల్చే మరో పెడల్) పెట్టి, దాని డ్రైవ్ సున్నాకు దించి లెవెల్ పెంచితే కొంత బిగుస్తుంది గానీ, దానికి బదులు మార్షల్ తరహా ఆంప్ ముందు ఆ ట్యూబ్ స్క్రీమర్ ఒక్కటే పెట్టుకోవడం తెలివైన పని. హెచ్‌ఎం-2కు నప్పేవి ట్రెమొలో పికింగ్ (ఒకే స్వరాన్ని అతివేగంగా మీటడం), నిదానంగా సాగే పవర్ కార్డులు (రెండు స్వరాల కార్డులు), వెనకాల డీ-బీట్ (పంక్ నుంచి వచ్చిన ఉరకల డ్రమ్ తాళం). మూడు నాలుగు స్వరాల జాజ్ తరహా కార్డులు పడితే ముద్ద అయిపోతాయి.

పాత ఒరిజినల్ కోసం వెతికేవాళ్లకు రెండు మాటలు. అడాప్టర్ సాకెట్ దగ్గర ఏసీఏ (బాస్ పాత రకం అడాప్టర్ పేరు) అని రాసి ఉంటుంది. దానికి ఇప్పటి మామూలు 9 వోల్ట్ అడాప్టర్ ఇస్తే లోపలికి చేరే వోల్టేజీ తగ్గి, ఎల్‌ఈడీ మసకబారి, శబ్దం నీరసపడుతుంది. పెడల్ చెడిపోయిందని బేరం వదులుకోకండి, ముందు 9 వోల్ట్ బ్యాటరీ పెట్టి వినండి. రెండోది, హెచ్‌ఎం-3 హైపర్ మెటల్ దీని తమ్ముడేమీ కాదు, సర్క్యూటే వేరు. పేరు చూసి మోసపోవద్దు. కొత్త హెచ్‌ఎం-2డబ్ల్యూకు మామూలు 9 వోల్ట్, మధ్యలో నెగటివ్ ఉన్న అడాప్టర్ చాలు. బ్యాటరీతో వాడితే మాత్రం పని అయ్యాక ఇన్‌పుట్ జాక్ లాగేయండి, గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

డబ్బు తక్కువైతే ఇదే మోతను అనుకరించే బెరింజర్ కంపెనీ హెచ్‌ఎం300 ఉంది. ప్లాస్టిక్ డబ్బా, స్టేజీ మీద బూటు కింద ఎక్కువకాలం నిలవదు. గదిలో పెట్టుకుని ఈ మోత మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి మాత్రం సరిపోతుంది.