పెద్దవాళ్ల కొలతలతో పసిపిల్లల సేవ: హైదరాబాదులో ఒక హోమ్ కేర్ సంస్థపై సమీక్ష

మా పాపకు మూడేళ్లు. గొంతుకు ట్రాకియాస్టమీ గొట్టం (ఊపిరి కోసం మెడ ముందు రంధ్రం చేసి పెట్టేది) ఉంది, నిద్రలో నిమిషానికి పావు లీటరు ఆక్సిజన్ కావాలి. పిల్లల ఐసీయూ నుంచి ఇంటికి తీసుకువచ్చేటప్పుడు హైదరాబాదులోని ఒక హోమ్ కేర్ సంస్థ దగ్గర యంత్రాలను అద్దెకు తీసుకుని, రాత్రి డ్యూటీకి నర్సును కూడా పెట్టుకున్నాము. ఏడు నెలల అనుభవం మీద ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క సంస్థదే అనుకోను.

ముందుగా యంత్రాల సంగతి. నిమిషానికి 5 లీటర్ల దాకా ఆక్సిజన్ ఇచ్చే కాన్సెంట్రేటరు, కఫం లాగే సక్షన్ మెషిన్, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పల్స్ ఆక్సీమీటరు డిశ్చార్జికి ముందురోజే వచ్చాయి. కాన్సెంట్రేటరు ఆక్సిజన్‌ను పుట్టించదు, గదిలోని గాలిలో ఉన్న నైట్రోజన్‌ను జియోలైట్ అనే ఖనిజపు గుళికల మీద పట్టి ఉంచి మిగిలినదాన్ని పంపుతుంది కాబట్టి, యంత్రం పాతబడేకొద్దీ శుద్ధత తగ్గే అవకాశం ఉంటుంది. వచ్చిన టెక్నీషియన్ అడగకుండానే మీటరు పెట్టి 94 శాతం చూపించాడు, యంత్రం ఇప్పటివరకు ఎన్ని గంటలు తిరిగిందో కూడా చూపించాడు. ఇది మెచ్చుకోవలసిన పద్ధతి.

చిక్కు అక్కడి నుంచే మొదలైంది. ఆ యంత్రం మీది ఫ్లోమీటరులో (ప్రవాహాన్ని కొలిచే మీటరులో) గీతలు అర లీటరు నుంచి ఉన్నాయి. డాక్టరు రాసినది పావు లీటరు. తక్కువ ప్రవాహానికి వేరే మీటరు ఉంటుందని చెప్పినవాళ్లం మేమే, అది వచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. పాప గొంతులోని 4.0 సైజు గొట్టానికి 8వ నంబరు సక్షన్ కెథెటర్ (కఫం లాగడానికి లోపలికి దింపే సన్నని గొట్టం) కావాలి. వచ్చిన పెట్టెలో 12, 14 నంబర్లవి ఉన్నాయి. ఆక్సీమీటరు వేలికి తగిలించే క్లిప్పు పాప వేలికి నిలవలేదు, బొటనవేలికి చుట్టే సెన్సరు విడిగా తెప్పించుకున్నాము. సక్షన్ మెషిన్ పీడనం మీట చివరిదాకా తిప్పి ఉంది. పాపకు 100 mmHg దాటనివ్వవద్దని ఆసుపత్రిలో చెప్పి పంపారు. పక్షవాతంతో మంచాన పడ్డ తాతగారి కోసం సిద్ధం చేసిన సరంజామానే మా ఇంటికీ పంపారన్నమాట.

వస్తువులను మార్చుకోవచ్చు, మనుషుల విషయంలో అది అంత తేలిక కాదు. మొదట వచ్చిన సిస్టర్‌కు పెద్దవాళ్ల ఐసీయూలో అనుభవం ఉంది, చేతి నేర్పు బాగుంది. కానీ కెథెటర్‌ను లోపల ఏదో తగిలేదాకా దింపేవారు. రెండో రోజుకే తెమడలో నెత్తుటి చారలు కనిపించాయి. పిల్లలకు గొట్టం పొడవు ఎంతో అంతవరకే కొలిచి దింపాలి. మేము కెథెటర్ పక్కన ఒక స్కేలు అతికించి చూపించవలసి వచ్చింది.

మూడో నెలలో వచ్చిన ఇంకొక అమ్మాయి రాత్రి రెండింటికి నిద్రపోయింది. గొంతులో గొట్టం ఉన్న మా పాప ఏడ్చినా గొంతు వినిపించదు. ముఖం ఎర్రబడుతుంది, నోరు తెరుచుకుంటుంది, అంతే. అలారం మోగి నేను లేచేసరికి ఆక్సీమీటరులో ఆక్సిజన్ అంకె 84 దగ్గర ఉంది. గొట్టానికి అడ్డుపడ్డ కఫం తీయగానే తేరుకుంది. ఫిర్యాదు చేస్తే మేనేజరు మారు మాట్లాడకుండా మనిషిని మార్చారు, కాని బదులుగా వచ్చిన ఆమె ట్రాకియాస్టమీని ఎన్నడూ చూడలేదు. ఏడు నెలల్లో తొమ్మిది మంది వచ్చారు. పన్నెండు గంటల డ్యూటీకి మా దగ్గర 1,500 రూపాయలు తీసుకుంటే తమకు 800 చేరుతుందని ఒక సిస్టర్ చెప్పారు. ఎవరూ ఎందుకు నిలవడం లేదో ఆ లెక్కతో అర్థమైంది. మా ఇన్సూరెన్సు పాలసీ ఈ ఖర్చులో ఒక్క రూపాయి ఇవ్వలేదు.

కరెంటు విషయంలో మాత్రం ఈ సంస్థకు పూర్తి మార్కులు వేస్తాను. మే నెల గాలివానకు మూడు గంటలు కరెంటు పోయినప్పుడు, 350 వాట్లు లాగే కాన్సెంట్రేటరు మా ఇన్వర్టరు మీద రెండు గంటలకు మించి నడవలేదు. సంస్థ ముందే బి టైపు ఆక్సిజన్ సిలిండరు పెట్టించింది కనుక గండం గడిచింది. నిండు సిలిండరులో దాదాపు 1,500 లీటర్లు ఉంటుంది, పావు లీటరు చొప్పున నాలుగు రోజులు వస్తుంది. ఒకసారి సిలిండరు అయిపోయినప్పుడు ఫోన్ చేసిన రెండు గంటల్లో మార్చి ఇచ్చారు.

ఇప్పుడున్న సిస్టర్‌ది ఖమ్మం వైపు. డ్యూటీకి రాగానే బ్యాగు పక్కన పెట్టి ముందు మెడకు కట్టిన టేపు కింద ఒక వేలు దూరుతుందో లేదో చూస్తారు. డబ్బాలో 4.0, 3.5 సైజుల విడి గొట్టాలు, అంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) ఉన్నాయో లేదో తడుముతారు. సక్షన్ గొట్టం మూతిని బొటనవేలితో మూసి, ముల్లు 100 దగ్గర ఆగేదాకా మీట సరిచేస్తారు. ఇదంతా రెండు నిమిషాల పని; మిగతా ఎనిమిది మందిలో ఇలా చేసినవారు లేరు. ఈవిడ పిల్లల ఐసీయూలో పని చేసి వచ్చారు. అందుకే ఏ సంస్థకు ఫోన్ చేసినా "నర్సు ఉన్నారా" అని కాక, "పిల్లల ట్రాకియాస్టమీ గొట్టం స్వయంగా మార్చిన నర్సు ఉన్నారా" అని అడగమంటాను.

అయిదుకు యంత్రాలకు నాలుగు, నర్సింగ్‌కు రెండు ఇస్తున్నాను. యంత్రాలను వీరి దగ్గరే కొనసాగిస్తున్నాము. సిస్టర్ సెలవు పెట్టిన రాత్రి మాత్రం బదులు మనిషిని పంపవద్దని చెప్పి, మేమిద్దరమే వంతులు వేసుకుని మేలుకుంటున్నాము.