కుక్కల ‘ఉచిత దత్తత’ పేరుతో మోసం: గోదావరి జిల్లాల వాళ్ళు డబ్బు పంపే ముందు ఇది చదవండి

‘వీధిలో కాపాడిన పిల్ల, డబ్బు వద్దు, మంచి ఇల్లు దొరికితే చాలు’ అని ఫొటోతో పోస్టు పెడతారు. ఫోను చేస్తే మర్యాదగానే మాట్లాడతారు. టీకాలన్నీ అయిపోయాయి, నట్టల మందు పట్టించాం, బండి ఖర్చులు మాత్రం పంపండి, రేపు సాయంత్రం రావులపాలెం జంక్షన్‌లో అందిస్తాం అంటారు. ఇంత దూరం వచ్చాం కదా అని పిల్లను చేతిలో పెట్టి రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. మూడు నాలుగు రోజుల్లో పిల్ల తిండి మానేస్తుంది. ఆ తర్వాత వాంతులు, నెత్తురు విరేచనాలు. ఫోను చేస్తే ‘మీ ఇంట్లో ఏదో పెట్టుంటారు’ అంటారు, మర్నాటికి నంబరు పలకదు. కొందరి విషయంలో అసలు పిల్లే రాదు.

రాజమహేంద్రవరం నుంచి నరసాపురం దాకా, కాకినాడ నుంచి భీమవరం దాకా జీతం భత్యం లేకుండా కుక్కలకు అన్నం పెట్టి, కట్లు కట్టి, ఇళ్ళు వెతికేవాళ్ళు ఉన్నారు. ఈ మోసంతో ముందు పోయేది వాళ్ళ మీద జనానికున్న నమ్మకమే. అసలు వాళ్ళను గుర్తుపట్టడం కష్టం కాదు. వాళ్ళు మిమ్మల్నే ప్రశ్నలతో విసిగిస్తారు. ఇల్లు సొంతమా అద్దెదా, ప్రహరీ ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, చేపల చెరువు గట్టున కాపలాకి కట్టేయడానికా అని అడుగుతారు. వీలుంటే ఇల్లు చూడటానికి వస్తారు. మీకు పడకపోతే కుక్కను తిరిగి మాకే ఇవ్వండి అని రాయించుకుంటారు. ఇవేమీ అడగకుండా ‘ఇంకో ఇద్దరు అడుగుతున్నారు, ఇప్పుడే డబ్బు వేయండి’ అనేవాళ్ళతో మాట అక్కడే ఆపేయండి.

ముందు డబ్బు సంగతి. టీకాలకు, ఆపరేషన్‌కు అయిన ఖర్చులో కొంత అడగడం తప్పు కాదు, మంచి సంస్థలూ అడుగుతాయి. కానీ ఆ డబ్బు కుక్కను కళ్ళారా చూశాక, సంస్థ పేరున ఉన్న ఖాతాకే, రసీదుతో వెళ్ళాలి. యూపీఐలో పంపేముందు తెర మీద కనిపించే పేరు చదవండి. వాళ్ళు చెప్పిన సంస్థ పేరు ఒకటి, అక్కడ కనిపించే పేరు ఇంకొకటి అయితే పంపొద్దు. ముందు బండి ఖర్చు, తర్వాత పెట్టె డబ్బులు, ఆ తర్వాత ‘తిరిగి ఇచ్చేసే’ ఇన్సూరెన్సు అంటూ విడతలుగా అడిగితే అక్కడ కుక్క లేదనే అనుకోండి. ‘డబ్బు వాపసు వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే అస్సలు కొట్టొద్దు, పిన్ కొడితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదు. రైల్లో పంపాం అంటే పార్శిల్ ఆఫీసు రసీదు ఫొటో అడగండి. దానికి ముందే వీడియో కాల్ చేసి, అప్పటికప్పుడు పిల్ల చెవి ఎత్తి, పెదవి పైకి లేపి పళ్ళు చూపించమనండి. ఇంకెక్కడినుంచో తెచ్చిన ఫొటోతో బేరమాడేవాడు ఆ పని చేయలేడు.

తర్వాత టీకా పుస్తకం. అసలు మోసం ఇందులోనే ఉంటుంది, తీరిగ్గా చూడండి. డాక్టరు టీకా వేశాక సీసా మీది స్టిక్కరు ఒలిచి పుస్తకంలో అతికిస్తారు. దాని మీద టీకా పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. పక్కన వేసిన తేదీ, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ముద్ర ఉండాలి. స్టిక్కరు లేకుండా పెన్నుతో ‘9 ఇన్ 1 డన్’ (పలు జబ్బులకు కలిపి వేసే ఒకే టీకా వేశామని) రాసి ఉంటే టీకా వేయనట్టే లెక్కేయండి. గడువు తేదీ దాటాక వేసినట్టు ఉందా, నెల రోజుల తేడాతో వేసిన రెండు టీకాలూ ఒకే పెన్నుతో ఒకే ఊపులో రాసినట్టు ఉన్నాయా చూడండి. ముద్ర మీది ఆసుపత్రికి ఒక్క ఫోను చేసి ఆ తేదీన ఆ పిల్లకు టీకా వేశారా అని అడిగితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. మందుల షాపులో కొని సొంతంగా పొడిచేవాళ్ళూ ఉన్నారు. టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. మే నెల ఎండలో జేబులో పెట్టుకు తెచ్చిన సీసా పని చేస్తుందన్న భరోసా లేదు.

తేదీలు కూడా లెక్క కట్టండి. పార్వో (నెత్తురు విరేచనాలు తెచ్చేది), డిస్టెంపర్ అనేవి కుక్కపిల్లల్ని చంపగల వైరస్ జబ్బులు. వాటి టీకా మొదటిది 6 నుంచి 8 వారాల వయసులో వేస్తారు. అక్కణ్ణుంచి 2 నుంచి 4 వారాలకోసారి, పిల్లకు 16 వారాలు నిండేదాకా బూస్టర్లు పడాలి. ఇన్నిసార్లు ఎందుకంటే తల్లి పాలతో వచ్చిన రక్షణ ఒంట్లో ఉన్నన్నాళ్ళూ అది టీకాను పని చేయనివ్వదు. ఏ పిల్లలో అది ఎప్పుడు తగ్గుతుందో పైకి తెలియదు. అందుకే ఒక్క డోసు పడిన రెండు నెలల పిల్లను ‘టీకాలన్నీ అయిపోయాయి’ అంటే అది అబద్ధం. రేబిస్ టీకా మామూలుగా మూడు నెలలు నిండాక వేస్తారు. నలభై రోజుల పిల్లకు రేబిస్ వేసినట్టు రాసి ఉంటే ఆ పుస్తకాన్ని మొత్తంగా నమ్మొద్దు.

వయసు పళ్ళు చెబుతాయి. ముందు పాలపళ్ళు 3 వారాల నుంచి వస్తాయి. సుమారు 6 నుంచి 8 వారాలకు 28 పాలపళ్ళూ పూర్తవుతాయి. నాలుగో నెల దగ్గర్లో ముందు పళ్ళు ఊడి గట్టి పళ్ళు మొదలవుతాయి, ఆరేడు నెలలకు 42 నిండుతాయి. ‘మూడు నెలల పిల్ల’ అని ఇచ్చినదానికి వెనక పాలపళ్ళు ఇంకా చిగుళ్ళలోనే ఉంటే, దాన్ని నెలకే తల్లి నుంచి విడదీశారన్నమాట. అలాంటి పిల్లను బతికించడమే కష్టం.

పార్వో గురించి గట్టిగా చెప్పాలి. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక లక్షణాలు బయటపడటానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు, ఒక్కోసారి 14 రోజులు పడుతుంది. అందుకే జంక్షన్‌లో చేతికిచ్చినప్పుడు తోకాడించిన పిల్ల ఇంటికొచ్చాక పడిపోతుంది. కొత్త పిల్లను కనీసం 14 రోజులు ఇంట్లో పాత కుక్కకు దూరంగా, వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచండి. చిగుళ్ళు రోజూ చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. తెల్లగా పాలిపోయినా, ఒక పూట తిండి మానేసి వాంతి చేసుకున్నా రేపు చూద్దాం అనుకోకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మలంతో చేసే కిట్ పరీక్ష అక్కడే కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. మొదట్లో నెగటివ్ వచ్చినా లక్షణాలుంటే వైద్యం ఆపొద్దు. దీనికి వైద్యమంటే ప్రధానంగా సెలైన్, రోజుల తరబడి. వైద్యం అందకపోతే ఎక్కువ పిల్లలు చనిపోతాయి, వేళకు అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. మనుషులకు వాడే డైక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ మాత్రలు వేయొద్దు, అవి కుక్క కడుపును, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

పిల్ల పోయిన ఇంట్లో ఫినాయిల్‌తో కడిగేసి ‘శుభ్రం చేశాం’ అనుకుంటారు. దాంతో పార్వో చావదు. ముందు సబ్బునీళ్ళతో మురికంతా పోయేలా కడగాలి, మురికి ఉంటే బ్లీచ్ పని చేయదు. తర్వాత లీటరు నీళ్ళలో సుమారు 30 మిల్లీలీటర్ల బ్లీచ్ ద్రవం అప్పటికప్పుడు కలిపి, 10 నిమిషాలు తడి ఆరకుండా ఉంచి కడిగేయాలి. మట్టి వాకిలికి ఈ ఉపాయం పనికిరాదు. ఎండ తగలని నేలలో ఆ వైరస్ నెలల తరబడి, ఏడాది పైన కూడా ఉండగలదు. అదే వాకిట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లను తేవద్దు. ‘ఇది పోతే ఇంకోటి ఇస్తాం’ అనేవాళ్ళ మాట అందుకే ప్రమాదం.

మన డెల్టాలో ఇంకో రెండు జబ్బులు ప్రత్యేకంగా చూడాలి. చుట్టూ వరిచేలు, పంట కాలువలు, ఎలుకలు, వానాకాలంలో లంకల్లోకి వరద నీళ్ళు. ఎలుకల మూత్రంతో నీళ్ళలో చేరే లెప్టోస్పైరోసిస్ కుక్క నుంచి మనిషికీ అంటుతుంది. ఐదు జబ్బుల టీకాలో దీని మందు ఉండదు, 7 ఇన్ 1, 9 ఇన్ 1 లాంటి వాటిలో ఉంటుంది. మొదట రెండు డోసులు, తర్వాత ఏటా వేయించాలి. రెండోది పిడుదుల జ్వరం. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో, మెడ పట్టీ కింద వెతికి చూడండి. పిడుదులు ఏరేశారు కాబట్టి జబ్బు లేదనుకోవద్దు, ఆ జ్వరం తెచ్చే ఎర్లికియా అనే క్రిమి పైకి కనిపించకుండా నెలల తరబడి ఒంట్లో ఉండగలదు. పెద్ద కుక్కను తీసుకునేటప్పుడు ప్లేట్‌లెట్ల లెక్కతో రక్తపరీక్ష కాగితం అడగండి. లేదంటే మీరే చేయించి, ఫలితం వచ్చాకే ఖాయం చేసుకోండి.

ఆపరేషన్ అయిందన్న ఆడకుక్కకు పొట్ట మధ్యలోనో పక్క డొక్కలోనో కోత గీత ఉంటుంది. వెంట్రుకలు పక్కకి తీసి వెతకండి. జంతు జనన నియంత్రణ కార్యక్రమంలో చేసిన వీధి కుక్కకు చెవి అంచు కోసి గుర్తు పెడతారు. రెండూ కనిపించకపోతే ఆపరేషన్ చేసిన చోటి కాగితం ఇవ్వాల్సిందే.

కుక్కను చూడటానికి వెళ్ళినప్పుడు అది మత్తుగా తూలుతూ, కంటి లోపలి మూలనుంచి తెల్లని పొర సగం కప్పినట్టు ఉంటే, ‘చాలా నెమ్మది కుక్క’ అన్న మాట నమ్మకండి. జబ్బయినా కావచ్చు, మత్తు మందైనా కావచ్చు. మర్నాడు ఇంకో వేళ మళ్ళీ వెళ్ళి చూడండి. అన్నం తినేటప్పుడు దగ్గరికి వెళితే ఎలా ఉంటుంది, పిల్లలతో, కోళ్ళతో, పశువులతో ఎలా ఉంటుంది, ఇదివరకు ఎవరినైనా కరిచిందా అని అడిగి, జవాబు వాట్సాప్‌లో రాయించుకోండి. తర్వాత అదే సాక్ష్యం.

ఏ నెల చూసినా లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ ‘45 రోజుల పిల్లలు’ దత్తతకు ఉన్నాయంటే అది సేవా సంస్థ కాదు, అమ్మకం. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి. ఈ రెండూ తప్పించుకోవడానికే అమ్మకానికి దత్తత అని పేరు పెడతారు.

తాత్కాలికంగా ఇంట్లో ఉంచుకునేవాళ్ళకు, అంటే ఫోస్టర్లకు, వేరే రకం దెబ్బ తగులుతుంది. ‘రెండు వారాలే’ అని వదిలి, ఆసుపత్రి బిల్లు వచ్చేసరికి మాయమవుతారు. కుక్క గడప దాటకముందే ఒక కాగితం రాసుకోండి. ఎప్పటిదాకా ఉంచాలి, తిండి ఎవరిది, ఏ ఆసుపత్రిలో చూపించాలి, అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోను చేయాలి, ఎంత ఖర్చు దాకా అడగకుండా పెట్టొచ్చు, గడువు దాటితే ఎవరు వచ్చి తీసుకెళ్ళాలి. ఇద్దరు బాధ్యుల సంతకాలు, ఆధార్ నకళ్ళు ఉండాలి. సంతకానికి వెనకాడేవాళ్ళు మీ ఇంటిని ఉచిత షెడ్డుగా వాడుకునేవాళ్ళే. మొదటి వారాల్లో కుక్కను మెడ పట్టీతో మాత్రమే బయటికి తీయొద్దు. బెదిరిన కుక్క వెనక్కి లాగితే పట్టీ తలమీదుగా జారిపోతుంది, కాలువ గట్టు పట్టిందంటే మళ్ళీ దొరకదు. ఒంటికి వేసే హార్నెస్ ఒకటి, మెడ పట్టీ ఒకటి, రెండింటికీ వేరే వేరే తాళ్ళు ఉండాలి.

కుక్క కరిచినా, నెత్తురొచ్చేలా గోరు గీరినా, పుస్తకంలో రేబిస్ టీకా ఉందని ఊరుకోవద్దు. పారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వాసుపత్రికి వెళ్ళండి. అక్కడ చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో ఉంటుంది, నెత్తురొచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పని మొదలయ్యేలోపు కాపాడే మందు) కూడా అడగండి. ‘చిన్న కుక్కపిల్లే కదా’ అనుకోకండి, రేబిస్ కుక్కపిల్లలకూ వస్తుంది.

ఇప్పటికే డబ్బు పంపి మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆపించే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబరు, వాళ్ళ ఫోను నంబరు కనిపించేలా చాట్ స్క్రీన్‌షాట్లు, టీకా పుస్తకం ప్రతి పేజీ ఫొటో, డాక్టరు రాసిన చీటీ, పరీక్ష కాగితం దాచి పెట్టి, పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ముద్ర మీది పశువైద్యుడు ఆ టీకా తాను వేయలేదంటే ఆ మాట కూడా రాయించి జత చేయండి. ఫిర్యాదు ఇచ్చేదాకా వాళ్ళ పోస్టు కింద తిట్లు రాయొద్దు. రాస్తే ఖాతా మూసేసి, చాట్లు చెరిపేసి, ఇంకో పేరుతో మొదలెడతారు.