శ్రవ్యరూపంలో కృష్ణశాస్త్రి పద్యాలు: పఠనం మేలు, పిల్లనగ్రోవి చేటు

ఒక ఆడియో యాప్‌లో చందాదారుల కోసం ఉంచిన దేవులపల్లి కృష్ణశాస్త్రి పద్యపఠన సంపుటిని ఈమధ్య పూర్తిగా విన్నాను. 1925లో వెలువడిన ‘కృష్ణపక్షం’ నుంచి ఏరిన ఖండికలే (చిన్న కవితలే) ఇందులో ఎక్కువ. ఘంటసాల గొంతులో కరుణశ్రీ పద్యాలు విని పెరిగిన మనకు, పద్యమంటే రాగం తీసి పాడవలసిందేనన్న అలవాటు స్థిరపడిపోయింది. ఈ సంపుటిలో చదివినామె ఆ అలవాటును పక్కనపెట్టి, రాగచ్ఛాయ ఏమాత్రం లేకుండా, తనలో తాను అనుకుంటున్నట్టు తగ్గుస్వరంలో చదివారు. జవాబు ఆశించని ప్రశ్నలతో నిండిన ఇటువంటి కవిత్వానికి ఇదే తగిన పద్ధతి అని నా అభిప్రాయం.

ఆమె నేర్పు తేటగీతి అనే ఛందస్సు నడకలో బాగా తెలుస్తుంది. ‘సౌరభములేల చిమ్ము పుష్పవ్రజంబు’ అన్న పాదంలో నాలుగో గణం (పాదాన్ని కొలిచే అక్షరాల గుంపు) ‘పుష్ప’ అనే మాట నడుమ మొదలవుతుంది కనుక, యతిస్థానం దగ్గర, అంటే పాదం తొలి అక్షరంతో పొందిక కుదరవలసిన ఆ గణపు మొదటి అక్షరం దగ్గర, ఆగడం అలవాటైనవారు ఆ మాటను రెండు ముక్కలు చేస్తారు. ఆమె అక్కడ ఆగకుండా, అక్షరాన్ని కొద్దిగా ఒత్తి, పాదం చివరిదాకా ఒకే ఊపిరిలో సాగారు. తరువాతి పాదంలో యతి ‘చందమామ’ తొలి అక్షరం మీదనే పడుతుంది. అక్కడ మాత్రం రెప్పపాటు విరామం ఇచ్చారు. ఛందస్సు తెలియని శ్రోతకు కూడా దీనివల్ల అర్థం చెదరకుండా అందుతుంది.

ఇంత చక్కని పఠనం కింద పిల్లనగ్రోవిని ఎందుకు జోడించారో బోధపడదు. ఖండికకూ ఖండికకూ నడుమ వినిపిస్తే సహించవచ్చును గాని, అది పాదాల వెంబడే నడుస్తూ, ఆమె మౌనంగా విడిచిపెట్టిన ప్రతి చోటునూ తానే ఆక్రమిస్తుంది. దానికి తోడు, ఒక ఖండిక ముగిసీ ముగియకముందే తరువాతిది మొదలవుతుంది; దీన్ని ఆపే సదుపాయం సెట్టింగులలో ఎక్కడో లోపల ఉంది. వేగం పెంచే మీట మాత్రం తెర మీద ఎదురుగానే కనిపిస్తుంది (కృష్ణశాస్త్రిని ఒకటిన్నర రెట్ల వేగంతో వినదలచినవారు ఎవరో!). పద్యపాఠం తెర మీద ఇవ్వకపోవడం కూడా లోపమే.

ఇప్పటికే చందా కట్టినవారు దీన్ని తప్పక వినవచ్చు. కొత్తగా కట్టదలచినవారు, ముందుగా ఉచితంగా వినిపించే ఖండికను విని, ఆ పిల్లనగ్రోవిని భరించగలరో లేదో తేల్చుకోవడం మంచిది.