ఆశా చెప్పే పళ్ళ పాఠం: ఒళ్ళో బాగుంది, రాత్రికే అందట్లేదు

కోనసీమ పల్లెల్లో డెంటిస్టు కావాలంటే అమలాపురం బస్సెక్కాలి. ఆశా కార్యకర్త మాత్రం గుమ్మంలోకే వస్తుంది, పైసా తీసుకోదు. పసిపిల్లల పళ్ళు తోమడం నేర్పే ఈ సేవకు ఐదుకి మూడున్నర ఇవ్వొచ్చు.

ఆ మూడున్నరా చేసి చూపించినందుకే. పోస్టరు చూపించి "రోజుకి రెండుసార్లు తోమించండమ్మా" అనేసి వెళ్ళిపోతే ఒరిగేదేమీ లేదు. పని తెలిసిన ఆశా తల్లిని అరుగు మీద కూర్చోబెట్టి, బిడ్డ తల ఆమె ఒళ్ళో వెల్లకిలా పెట్టించి, ఎడమచేతి చూపుడువేలితో పై పెదవి ఎత్తిస్తుంది. పై ముందు పళ్ళ మీద, చిగురు అంచునే, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత కనపడిందా, పుచ్చు మొదలైనట్టే. అప్పుడే ఫ్లోరైడ్ పేస్టుతో సరిగ్గా తోమితే పన్ను మళ్ళీ గట్టిపడొచ్చు. గోధుమరంగుకి తిరిగి గుంట పడితే ఇక డాక్టరు పనే. కింది ముందు పళ్ళకి నాలుక, లాలాజలం కాపలా ఉంటాయి కాబట్టి ముందు పాడయ్యేవి పైవే. "పాల పళ్ళే కదండీ, ఊడిపోయేవే" అనే మామ్మగారికి ఒక్క మాట చెప్పాలి: వెనక నమిలే పాల పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా పనిచేయాలి.

బ్రష్‌ని చిగురూ పన్నూ కలిసే చోట ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న సున్నాలు చుట్టాలి, రంపం లాగినట్టు లాగకూడదు. మొత్తం రెండు నిమిషాలు. పిల్లాడు బ్రష్ కొరికేస్తుంటే రెండోది కొనండి: ఒకటి వాడు నమలడానికి, ఒకటి మీరు తోమడానికి. ఏడెనిమిదేళ్ళ దాకా పెద్దవాళ్ళ చెయ్యి పడాల్సిందే.

పేస్టు దగ్గరే ఎక్కువ తప్పులు. మూడేళ్ళ లోపు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత. బియ్యపు గింజంత అంటే సుమారు 0.1 గ్రాము, రోజుకి రెండుసార్లు వాడినా 80 గ్రాముల ట్యూబు ఏడాది దాటుతుంది. నెలకే అయిపోతోందంటే టీవీ ప్రకటనలో చూపించినట్టు బ్రష్ పొడవునా పూస్తున్నారన్నమాట. ట్యూబు వెనక ఫ్లోరైడ్ 1000 పీపీఎం ఉందో లేదో చదవాలి. బొమ్మలున్న పిల్లల పేస్టుల్లో కొన్నిట్లో అసలుండదు. ఈ సంగతి చెప్పే ఆశాలు తక్కువ. నల్లగొండ పేరు విని ఫ్లోరైడంటేనే జడిసేవాళ్ళున్నారు. అక్కడి బెడద బోరు నీళ్ళది, గింజంత పేస్టుది కాదు. తోమాక ఉమ్మిస్తే చాలు. మూడు పుక్కిళ్ళు పట్టిస్తే పేస్టు కొన్న డబ్బులు కాలవలో పోసినట్టే.

ఇక తగ్గిన ఒకటిన్నర. చిన్నపిల్లల ఇంటి సందర్శనలు 3, 6, 9, 12, 15 నెలలకి. మొదటి పన్ను ఆరో నెల చుట్టుపక్కల వస్తుంది కాబట్టి అంతవరకూ సరిపోయింది. కానీ నమిలే పళ్ళు మొదలయ్యేది 13 నెలల నుంచి, చివరివి వచ్చేసరికి రెండున్నరేళ్ళు. అంగన్‌వాడీ బడిలో చేరేది మూడేళ్ళకి. గాడులున్న ఈ నమిలే పళ్ళు వచ్చేటప్పుడే చూసే మనిషి కరువు.

రెండోది, పాఠం పగలు, పుచ్చు రాత్రి. నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. నోట్లో పాలసీసా పెట్టుకుని పడుకున్న బిడ్డకి పొద్దున ఎంత తోమినా ఏం లాభం? తల్లి రొయ్యల ఫ్యాక్టరీ షిఫ్టులో ఉంటే పడుకోబెట్టేది నానమ్మ, పాఠం విన్నది తల్లి. కాబట్టి ఆశా వచ్చినప్పుడు నానమ్మని కూడా పిలవండి. సీసా ఒక్కసారిగా మానిపిస్తే ఊరంతా లేస్తుంది. రెండు మూడు వారాల్లో పాలు తగ్గిస్తూ, నీళ్ళు పెంచుతూ పోయి చివరికి ఉత్త నీళ్ళే పట్టాలి.

కచ్చిక, బొగ్గుపొడి మాన్పించడంలో మాత్రం ఆశాలు గట్టివాళ్ళే. బ్రష్ దాచే తీరు కూడా చెబితే బాగుండేది: మన గాలిలో తేమ ఎక్కువ, మూత పెట్టిన డబ్బాలో బూజు పడుతుంది. గ్లాసులో కుచ్చు పైకి ఉండేలా నిలబెట్టండి.