ఏళ్ల తరబడి వదలని నిస్సత్తువ: వైరస్సా, రోగనిరోధక శక్తా, రక్తప్రసరణా? ఏ వాదన నిలుస్తుంది?

ఊడ్పుల్లో ఒళ్లు హూనమైనా రెండు రాత్రులు నిద్రపోతే తేరుకుంటాం. ఎంఈ/సీఎఫ్‌ఎస్ (ఏళ్ల తరబడి వదలని అలసట జబ్బు; మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్/క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్) ఉన్నవాళ్లకి అలా జరగదు. ఇవాళ ఓ బకెట్టు బట్టలు ఉతికిన మనిషి రేపో ఎల్లుండో మంచం పడుతుంది, లేవడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ ఇచ్చిన నిర్వచనంలో ఇది తప్పనిసరి లక్షణం. ఆరు నెలలకు మించిన అలసట, నిద్రపోయినా తీరని బడలిక కూడా ఉండాలి. అందుకే ఏ సిద్ధాంతాన్నయినా ముందు ఒకటే అడగాలి: ఆలస్యంగా పడే ఈ దెబ్బకి అది కారణం చూపగలదా?

అంతకంటే ముందు ఇంకో పని ఉంది. వరిచేలో చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లకి కొంకిపురుగు పట్టి రక్తం తగ్గడం డెల్టాలో కొత్త కాదు. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కంటే తక్కువుంటే రక్తహీనతే. థైరాయిడ్, షుగరు, బీ12, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), మల పరీక్ష, అనుమానముంటే టీబీ, ఇవన్నీ చూశాకే ఈ చర్చ.

వైరస్ వాదన, జబ్బు ఎలా మొదలవుతుందన్నంత వరకు గట్టిది. ఆస్ట్రేలియాలోని డబ్బోలో మూడు రకాల ఇన్ఫెక్షన్లు సోకిన 253 మందిని గమనిస్తే, ఆరు నెలల తర్వాత దాదాపు 11 శాతం మందిలో ఈ జబ్బు కనిపించింది. ఏ క్రిమి సోకిందన్న దానికంటే మొదటి జ్వరం ఎంత తీవ్రంగా వచ్చిందన్నదే ఎక్కువగా తేల్చింది. మన దగ్గర గున్యా, డెంగీ తర్వాత కోలుకోలేని వాళ్లని ఆ కోణంలోనే చూడాలి. కానీ వైరస్ ఇంకా లోపలే దాక్కుని పీడిస్తోందన్న రెండో సగానికి బలం తక్కువ. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ రోగుల రక్తంలో దొరికిందని ఓ పరిశోధన పత్రంలో రాశారు. అది ల్యాబులో జరిగిన కల్తీ అని తేలి, 2011లో ఆ పత్రాన్నే వెనక్కి తీసుకున్నారు. ఈబీవీ (ఎప్‌స్టీన్-బార్ అనే సాధారణ వైరస్) ఐజీజీ యాంటీబాడీ పరీక్ష పాజిటివ్ వచ్చిందని కంగారు పడొద్దు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా అది పాజిటివే, పాత ఇన్ఫెక్షన్ గుర్తు మాత్రమే.

మన రోగనిరోధక శక్తే మన మీద తిరగబడిందన్న వాదన మీద ఎన్నో ఆశలుండేవి. నార్వేలో కొన్ని రోగనిరోధక కణాల్ని తగ్గించే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్ మొదట 30 మందితో చేసిన చిన్న పరీక్షలో మేలు చూపింది. 151 మందితో పెద్ద పరీక్ష చేస్తే, 2019లో వచ్చిన ఫలితాల్లో ఉత్తుత్తి మందు కంటే మెరుగు కాలేదు. అంతమాత్రాన వాదన చచ్చిపోలేదు. 2025లో బ్రిటన్‌లోని డీకోడ్‌ఎంఈ అనే జన్యు అధ్యయనం వాళ్లు 15 వేలకు పైగా రోగుల జన్యువులు చూసి తేడాలున్న ఎనిమిది చోట్లు గుర్తించారు. వాటిలో కొన్ని రోగనిరోధకానికీ నాడులకీ సంబంధించినవి.

ఆలస్యపు దెబ్బకి దగ్గరగా వచ్చేది, ఒంట్లో శక్తి తయారీయే దెబ్బతిందన్న వాదన. 24 గంటల తేడాతో రెండుసార్లు సైకిల్ తొక్కిస్తే మామూలు మనిషి అవే అంకెలు చూపిస్తాడు, వీళ్లలో చాలామందికి రెండో రోజు సామర్థ్యం పడిపోతుంది. లోపం కణాల్లో శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలోనా, దానికి ఆక్సిజన్ చేర్చే రక్తనాళాల్లోనా అన్నది ఇంకా తేలలేదు. దీని పేరు చెప్పి అమ్మే ఖరీదైన మాత్రలకు గట్టి రుజువు లేదు.

నిలబడినప్పుడు రక్తం సరిగా పైకి చేరడం లేదన్న రక్తప్రసరణ వాదన ఒంటరిగా అన్నీ వివరించలేదు. అయినా రోగికి ఎక్కువ అక్కరకొచ్చేది అదే, ఎందుకంటే ఇంట్లో కొలవొచ్చు. ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ, నాడి రాయండి. తర్వాత మడమలు గోడకి ఆరంగుళాల ఎడంగా ఉంచి, భుజాలు మాత్రం ఆనించి కదలకుండా నిలబెట్టండి. పది నిమిషాలు, నిమిషానికోసారి రాయండి. పక్కన ఒకరుండాలి, కళ్లు తిరిగితే వెంటనే ఆపాలి. బీపీ పడకుండా నాడి 30 పెరిగి నిలిచిందంటే (19 ఏళ్లలోపు వాళ్లకి 40) డాక్టరుకి చూపించాలి. కాళ్లు ఆడిస్తే లెక్క తప్పుతుంది, రక్తహీనత, ఒంట్లో నీరు తగ్గడం కూడా నాడిని పెంచుతాయి. అందుకే మే నెల ఉక్కలో మధ్యాహ్నం కాకుండా పొద్దున్నే చేయండి.

అంకె పెరిగితే నీళ్లు, ఉప్పు పెంచడం, బిగుతు మేజోళ్లు ఉపయోగపడతాయి. బీపీ, కిడ్నీ జబ్బులున్నవాళ్లు మాత్రం డాక్టరుని అడగకుండా ఉప్పు పెంచకూడదు. పెరగకపోతే శక్తి వాదన చెప్పే దారే ఉంది: కూరలు కూర్చుని తరగడం, ఉతుకు మూడు రోజులకి పంచడం, ఒంట్లో బాగున్న రోజునే పని సగంలో ఆపడం. రోజూ కొంచెం కొంచెం నడక పెంచమనే పాత సలహాని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లోనే మార్గదర్శకాల నుంచి తీసేసింది.