పద్దెనిమిది నెలలు వాడిన ట్రైనింగ్ షూ: ఎందుకు మార్చాను, ఎలా ఎంచుకున్నాను, ఎక్కడ అరిగింది

వారానికి 4 రోజులు, రోజుకు 45 నిమిషాల నుంచి గంట వరకు, 18 నెలలుగా ఒకే జత. బార్‌బెల్ స్క్వాట్లు, బాక్స్ జంపులు, బర్పీలు (చేతులు నేలకి ఆనించి కాళ్లు వెనక్కి విసిరి, మళ్లీ లాక్కుని లేచి గెంతడం), లంజులు (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి దిగడం), స్కిప్పింగ్, పది మీటర్ల దూరం అటూ ఇటూ ఉరికే షటిల్ రన్ అన్నీ దీంతోనే చేశాను. నడకకి గానీ, బయట పనులకి గానీ ఒక్కరోజు కూడా వేసుకోలేదు కాబట్టి కింద చెప్పే అరుగుదల మొత్తం జిమ్‌లో వచ్చిందే. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నమూనాలు తరచూ మారిపోతుంటాయి, పైగా నా పాదానికి కుదిరింది మీ పాదానికి కుదరకపోవచ్చు. ఏ రకం షూ, ఏం చూసి కొనాలి అన్నది చెబితే ఎక్కువమందికి పనికొస్తుందని నా ఉద్దేశం.

దీనికి ముందు రెండేళ్లు రన్నింగ్ షూతోనే జిమ్ చేశాను. అడుగేస్తే పరుపు మీద వేసినట్టు ఉండేది. అంత మెత్తగా ఉంది కదా, మోకాళ్లకు మంచిదే అనుకున్నాను. లంజులు చేసేటప్పుడు ఒళ్లు ఊగేది. నాకు బ్యాలెన్స్ తక్కువేమో అనుకుని ఊరుకున్నాను.

ఒకరోజు స్క్వాట్ చేస్తుంటే మా కోచ్ వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీశాడు. నాకంటే చిన్నవాడు. "అన్నా, మోకాలి సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ మడమ చూడండి" అన్నాడు. ఆపి ఆపి చూశాను. కిందికి దిగుతున్నకొద్దీ ఎడమ షూ మడమ దగ్గర ఫోమ్ లోపలి వైపు అణిగిపోతోంది. బయటి అంచు ఎత్తుగా, లోపలి అంచు పల్లంగా అయిపోతోంది. దాంతోపాటే చీలమండ లోపలికి వాలుతోంది, దాని వెంటే మోకాలు. పైకి లేవగానే ఫోమ్ మళ్లీ పొంగి మామూలుగా అయిపోతోంది. అందుకే నిలబడి చూసుకుంటే ఎప్పుడూ నాకు కనబడలేదు. బరువు సగానికి దించి, షూ విప్పించి మళ్లీ చేయించాడు. మడమ కదల్లేదు, మోకాలు కూడా తిన్నగా వచ్చింది. అదే సగం బరువుతో షూ వేసుకుని చేస్తే మళ్లీ వాలింది. రెండేళ్లుగా మోకాలి లోపలి వైపు ఉండే ఆ సన్నటి నొప్పి ఎక్కడిదో ఆ రోజు నాకు అర్థమైంది.

రన్నింగ్ షూని తప్పుపట్టడానికి లేదు. అది చేసే పని వేరు. పరుగులో కాలు ఎప్పుడూ ముందుకే పడుతుంది, మడమ మీదో పాదం మధ్యలోనో దిగి వేళ్ల మీదుగా వెళ్లిపోతుంది. అందుకే దానికి మడమ కింద మందంగా ఫోమ్ పెడతారు. మడమకీ వేళ్లకీ మధ్య ఎత్తు తేడా సాధారణంగా 8 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. ఈ తేడానే డ్రాప్ అంటారు. ఆ ఫోమ్ నిండా గాలి బుడగలే. ఒంటి బరువుకి అణిగి, మళ్లీ లేస్తాయి. భుజాల మీద బార్ పెట్టుకుని నిలబడితే ఆ బుడగలు అన్నివైపులా ఒకేలా అణగవు, పాదం ఎటు ఒత్తితే అటు కుంగుతాయి. ఇక పక్కకి దూకినప్పుడు మరో ఇబ్బంది. పైన ఉండే అల్లిక గుడ్డ సాగుతుంది, పాదం సోల్ అంచు దాటి బయటికి జారుతుంది. చీలమండ బెణకడానికి అది చాలు.

హై ఇంటెన్సిటీ వ్యాయామంలో, అంటే కాసేపు శక్తికొద్దీ చేసి కొద్దిగా ఆగి మళ్లీ చేసే రకంలో, ఇది ఇంకా ముఖ్యమని ఎందుకంటున్నానంటే, అలసట వల్ల. 20 సెకన్లు శక్తికొద్దీ చేసి 10 సెకన్లు ఆగే పద్ధతి మనందరికీ తెలిసిందే, టబాటా అంటాం. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి టబాటా బృందం 1996లో ప్రచురించిన పరిశోధనలో ఆ వ్యాయామం చేయించింది కదలకుండా ఉండే సైకిల్ మీద. పాదం పెడల్ మీదే ఉంటుంది కాబట్టి అక్కడ షూతో పెద్దగా పని లేదు. మనం అదే గడియారాన్ని తెచ్చి దూకుళ్లకీ, లంజులకీ, బర్పీలకీ పెట్టుకున్నాం. మొదటి రెండు రౌండ్లలో కాలు ఎక్కడ పెడుతున్నామో చూసుకుంటాం. ఆరో రౌండుకి వచ్చేసరికి ఊపిరి అందక కాలు ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. అలా అడ్డదిడ్డంగా పడిన అడుగుని కూడా నిలబెట్టే షూ కావాలి. కొనేటప్పుడు ప్రశాంతంగా నాలుగు అడుగులు నడిచి చూస్తే ఇది తెలియదు.

వీడియో చూసిన వెంటనే నేను రెండో కొసకి వెళ్లాను. పలచటి రబ్బరు అడుగు ఉన్న కాన్వాస్ షూ కొని రెండు నెలలు వాడాను. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని పైకెత్తడం), స్క్వాట్ చేసేటప్పుడు నేలను పట్టుకుని నిలబడినట్టు ఎంతో హాయిగా ఉంది. కానీ డ్రాప్ ఏమీ లేకపోవడంతో మొదటి వారానికే పిక్కలు గట్టిపడిపోయాయి. బాక్స్ మీద నుంచి దిగినప్పుడల్లా దెబ్బ నేరుగా అరికాలికి తగిలేది. ఇలాంటి షూకి మెల్లమెల్లగా, రోజుకి పది నిమిషాలతో అలవాటు పడాలి. ఒక్కసారిగా మారిపోవడం నేను చేసిన పొరపాటు. వెయిట్‌లిఫ్టింగ్ షూ కూడా స్నేహితుడిది అడిగి వేసుకుని చూశాను. మడమ దాదాపు 20 మిల్లీమీటర్ల ఎత్తులో, చెక్కలా గట్టిగా ఉంటుంది. స్క్వాట్‌లో చీలమండ సరిగా వంగనివాళ్లకి అది బాగా పనికొస్తుంది. దాంతో దూకడం, పరుగెత్తడం మాత్రం కుదరదు.

మెత్తటి రన్నింగ్ షూకీ, ఈ గట్టి రకాలకీ మధ్యలో ఉండేదే ట్రైనింగ్ షూ. ఆలోచన కొత్తదేమీ కాదు. 1987లో టింకర్ హాట్‌ఫీల్డ్ డిజైన్ చేసిన నైకీ ఎయిర్ ట్రైనర్ 1ని ఒకే షూతో పలు రకాల వ్యాయామం చేసుకోవడానికే తెచ్చారు. పక్కకి కదిలినప్పుడు పాదం జారకుండా ముందు భాగం మీద ఒక పట్టీ కూడా పెట్టారు. బరువులు, దూకుళ్లు, పరుగు అన్నీ కలిపి వేగంగా చేసే క్రాస్‌ఫిట్ తరహా వ్యాయామం పెరిగాక, దానికోసమే అంటూ 2011లో రీబాక్ నానో, 2015లో నైకీ మెట్‌కాన్ వచ్చాయి. ఇప్పుడు చాలా కంపెనీలు ఈ రకం చేస్తున్నాయి. వీటిలో డ్రాప్ తక్కువ, చాలావాటిలో 4 మిల్లీమీటర్లు, కొన్నిటిలో కాస్త ఎక్కువ. మడమ కింద గట్టి ఫోమ్, ముందు భాగంలో కొంచెం మెత్తన. షూ అడుగు భాగం వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది. నాది 4 మిల్లీమీటర్ల రకం.

ఎంచుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. చూసిన ప్రతి షూకీ ముందు మడమ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కేవాణ్ణి. స్పాంజిలా లోపలికి వెళితే పక్కన పెట్టేవాణ్ణి. తర్వాత రెండు కొసలూ పట్టుకుని వంచడం. మన వేళ్లు వంగే చోటే షూ వంగాలి. నడుము దగ్గర, అంటే పాదం మధ్యలో మడతపడితే అది బరువులకి పనికిరాదు. తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పితే కాస్త ఎదురుతిరగాలి. మడమ వెనకనున్న కప్పుని రెండు వేళ్లతో నొక్కితే చతికిలబడకూడదు. ఈ నాలుగూ చూడటానికి నిమిషం కూడా పట్టదు.

అసలు కష్టం కొలత దగ్గర. ఇన్‌సోల్, అంటే షూ లోపల పాదం కింద ఉండే పలచటి పొర, బయటికి తీసి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. చిటికెన వేలు గానీ, బొటనవేలి కీలు గానీ అంచు దాటి బయటికి వస్తే ఆ షూ మీకు ఇరుకే. ఎంత నచ్చినా, వాడగా వాడగా సాగుతుందిలే అని ఎవరు చెప్పినా వదిలేయండి. నాకు ముందు వైపు పాదం వెడల్పు. అందుకే పేరున్న రెండు నమూనాలు ఈ ఒక్క పరీక్షలోనే పోయాయి. సాయంత్రం పూట, వీలైతే వ్యాయామం అయ్యాక వేసుకుని చూడటం మంచిది, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. జిమ్‌లో వేసుకునే సాక్సులే వేసుకోవాలి. రెండు పాదాలూ సరిసమానంగా ఉండవు కాబట్టి పెద్దదాని కొలతే తీసుకోవాలి. అన్నిటికన్నా పొడుగు వేలికి ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కొందరికి రెండో వేలే పొడుగు, అది గమనించుకోండి. ఇవన్నీ చూశాక నిలబడి కొలుచుకుని ఊరుకోకుండా, అక్కడే పది స్క్వాట్లు, ఒంటికాలి మీద కాసేపు నిలబడటం, పక్కకి నాలుగు గెంతులు. మడమ లేచిపోయినా, వేళ్లు నేలని పట్టుకోవడానికి బిగదీసుకున్నా అది సరైన జత కాదు. ఈ బిగదీసుకోవడాన్ని చాలామంది పట్టించుకోరు. నాకైతే అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు అదే, ఎందుకంటే కింద స్థిరంగా లేనప్పుడు వేళ్లు మనం చెప్పకుండానే ముడుచుకుంటాయి.

ఇంత చూసి కొన్నా మొదటి వారం షూ కరిచింది. కుడి మడమ వెనక చిన్న బొబ్బ. కొలత తప్పేమో అని టెన్షన్ పడ్డాను. చివరికి చూస్తే లేసు కట్టడంలో ఉంది. చీలమండ దగ్గర అదనంగా ఉండే ఆఖరి రంధ్రంలోంచి లేసుని అటే లోపలికి తోసి చిన్న ఉచ్చు చేసి, ఎదుటి లేసుని అందులోంచి లాగి కట్టాను. మడమ కప్పులో కూర్చుంది. బొబ్బ మానాక మళ్లీ రాలేదు. ముందువైపు లేసులు వదులుగానే ఉంచుతాను, వేళ్లు పరుచుకోవాలి కదా.

ఇక వాడకం సంగతి. మొదటి నెల ముందు భాగం బిరుసుగా ఉండి బర్పీల్లో, ప్లాంక్‌లో వేళ్ల మీద వంగడం కష్టమయ్యింది. రెండో నెల మధ్యకి దారికొచ్చింది. మూడో నెల నుంచి ఏడో నెల వరకు దీనిమీద నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. స్క్వాట్‌లో ఎడమ మోకాలు తిన్నగా వస్తోంది, ఆ పాత నొప్పి నాలుగో నెలకి పోయింది. షూతో పాటు కోచ్ తుంటి కండరాలకి వేరే వ్యాయామాలు కూడా చేయించాడు కాబట్టి మొత్తం ఘనత షూకే ఇవ్వలేను. లంజుల్లో ఊగడం మాత్రం మొదటి రోజే ఆగింది, అది షూ వల్లే.

ఎనిమిదో నెలలో కుడి షూ ముందు కొస దగ్గర రబ్బరు అంచు ఊడటం మొదలైంది. బర్పీలో కాళ్లు వెనక్కి విసిరి మళ్లీ లాక్కునేటప్పుడు నేను కుడి బొటనవేలి కొసను నేలకి రాస్తానని దాన్ని చూశాకే తెలిసింది. జిగురుతో అంటిస్తే మళ్లీ ఆరు నెలలు నిలిచింది. ఏడాది దాటాక వేళ్లు వంగే చోట ఫోమ్ మీద సన్నటి ముడతలు పడ్డాయి, స్కిప్పింగ్‌లో ముందటి మెత్తన తగ్గినట్టు తెలిసింది. మడమ మాత్రం ఇప్పటికీ కొన్ననాటిలాగే గట్టిగా ఉంది.

చెమట వాసన గురించి ఒక మాట. ప్రతిసారీ ఇన్‌సోల్ తీసి, లోపల పాత కాగితాలు కుక్కి, గాలి తగిలే నీడలో పెట్టాను. ఎండలో గానీ హీటర్ ముందు గానీ పెడితే జిగురు వదిలేస్తుంది, ఫోమ్ కుంచించుకుపోతుంది. వాషింగ్ మెషీన్‌లో అసలు వేయొద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

దీని లోపం పరుగు. షటిల్ రన్, 400 మీటర్ల వరకు పరవాలేదు. ఒకసారి పరుగుకి వేసుకునే రెండో జత వెంట లేక దీంతోనే 5 కిలోమీటర్లు పరుగెత్తాను. మూడో కిలోమీటరు నుంచి మడమలో ప్రతి దెబ్బా తెలిసింది, మర్నాడంతా అరికాళ్లు మంట. మీ వ్యాయామంలో పరుగే ఎక్కువైతే ఈ రకం మీకు సరిపడదు, లేదంటే నాలాగా రెండు జతలు పెట్టుకోవాలి. బరువు కూడా కొంచెం ఎక్కువే, నా సైజులో ఒక్కో షూ 300 గ్రాములు దాటింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ పోటు పెడుతుంటే మాత్రం షూ మార్చి చూద్దామని రోజులు గడపకండి, డాక్టర్‌కి చూపించండి.

పోయిన నెలలో ఒకరోజు, చెమట పడి తడిగా ఉన్న రబ్బరు నేల మీద షటిల్ రన్‌లో మలుపు తిరుగుతుంటే ఎడమ కాలు జర్రున జారింది. పడలేదు. షూ తిప్పి చూస్తే బొటనవేలి కీలు కింద గీతలన్నీ చెరిగిపోయి, చేత్తో తడిమితే నున్నగా తగిలింది. ఆ సాయంత్రమే కొత్త జత వెతకడం మొదలుపెట్టాను. అదే రకం, అదే 4 మిల్లీమీటర్ల డ్రాప్, ఈసారి అర సైజు పెద్దది తీసుకున్నాను, ఎందుకంటే ఈ ఏడాదిన్నరలో నా కుడి పాదం కొలత కాస్త పెరిగింది. పాత జతను పారేయలేదు. డెడ్‌లిఫ్ట్ రోజు వేసుకుంటున్నాను. అందులో గెంతడం, మలుపు తిరగడం ఉండవు, మడమ ఇంకా గట్టిగానే ఉంది.